పొటాష్ రెండుసార్లు కనిపించిన టికెట్

జూన్ రెండో వారం. తొలకరి పడి ఎరువుల షాపుల ముందు జనం నిలబడే రోజులు. మా సపోర్ట్ నుంచి ఒక టికెట్ (కస్టమర్ సమస్యని నమోదు చేసే చీటీ) వచ్చింది. శీర్షిక: "స్టాక్ తప్పు". వివరణ: "అర్జంట్ సార్. షాపాయన అరుస్తున్నాడు." అంతే. ఏ షాపో లేదు, ఏ సరుకో లేదు. తప్పు అంటే ఎక్కువ చూపిస్తోందా, తక్కువ చూపిస్తోందా అన్నది కూడా లేదు.

నేను పనిచేసేది ఎరువులు, పురుగుమందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో. ఆ టికెట్ తేలడానికి మూడు రోజులు పట్టింది. అందులో కోడ్ మార్చడానికి పట్టింది పావుగంట. మిగతా టైమంతా ఎటు పోయిందో రాసుకుంటే, గిట్ (కోడ్‌లో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) గురించీ టికెట్ల గురించీ కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే విషయాలు చాలావరకు అందులోనే వచ్చేస్తాయి. అందుకే ఈ పోస్టు.

మొదటి రోజు ఫోన్లకే సరిపోయింది. సపోర్ట్‌లో ఉండే అక్క రోజుకి అరవై, డెబ్బై కాల్స్ ఎత్తుతుంది. ఏ కాల్ మీద ఈ టికెట్ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు. కాల్ లిస్ట్ వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే సాయంత్రానికి ఆ షాపాయన దొరికాడు.

"గోడౌన్లో నలభై బస్తాల పొటాష్ కళ్లెదురుగా ఉంది బాబూ. మీ కంప్యూటర్ పన్నెండే అంటోంది. రైతు ముందు నా పరువేం కావాలి?"

స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. ఫొటో చూడగానే సగం అర్థమైంది. సరుకుల జాబితాలో పొటాష్ రెండుసార్లు ఉంది. ఒకదాని ఎదురుగా 12, ఇంకోదాని ఎదురుగా 28. కలిపితే నలభై. పేరు రెండుచోట్లా అక్షరం తేడా లేదు.

ఆ ఒక్క ఫొటో పొద్దున్నే టికెట్‌లో ఉండుంటే ఒక రోజు మిగిలేది. అక్కని అనడానికి లేదు. మేం ఆవిడకి ఇచ్చిన ఫారంలో ఉన్నవే రెండు ఖాళీలు: శీర్షిక, వివరణ. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒంటిచేత్తో టైప్ చేసే మనిషి ఆ ఖాళీలో వ్యాసం రాయదు కదా. ఆ వారమే ఫారం మార్చాం. ఇప్పుడు నాలుగు ప్రశ్నలు ఉంటాయి, అచ్చ తెలుగులో: ఏం చేస్తుంటే జరిగింది? ఏం రావాలి? ఏం వచ్చింది? ఫొటో ఉందా? షాపు కోడ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఆవిడ అడగక్కర్లేకుండా వాటంతట అవే పడతాయి. ఇంకొక్కటి మాత్రం నేను ప్రత్యేకంగా అడిగాను. కస్టమర్ ఏమన్నాడో ఆయన మాటల్లోనే ఒక వాక్యం రాయమని. "స్టాక్ తప్పు" అన్నది మన మాట. "నలభై ఉంటే పన్నెండు అంటోంది" అన్నది ఆయన మాట. వెతకడానికి దారి చూపించేది రెండోదే.

శీర్షిక గురించి కూడా ఒక మాట. ఆరు నెలల తర్వాత ట్రాకర్‌లో, అంటే టికెట్లన్నీ ఉండే చోట, వెతికితే దొరకాలి, అదొక్కటే నేను చూసేది. మా దగ్గర "స్టాక్ తప్పు" అని వెతికితే ఇరవై పైనే టికెట్లు వస్తాయి. "పొటాష్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తోంది" అని వెతికితే ఒక్కటే వస్తుంది.

రెండో రోజు గిట్ దగ్గర కూర్చున్నాను.

ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటర్‌కి వేరుగా కనిపిస్తున్నాయంటే లోపల బైట్లలో ఏదో తేడా ఉన్నట్టే. డేటాబేస్‌లోంచి రెండు పేర్లూ తీసి బైట్లు లెక్కపెట్టాను. ఒకటి 18, ఇంకోటి 21. యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిలో, తెలుగు అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. పొటాష్ అన్న మాటలో ప, ఒత్వం, ట, దీర్ఘం, ష, పొల్లు. మొత్తం ఆరు, అంటే 18 బైట్లు. మిగిలిన ఆ మూడు బైట్లు ఎవరివయ్యా అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరానివి. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారిపోకుండా ఆపడానికి తెలుగు టైపింగ్‌లో దాన్ని వాడతాం. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు మధ్యలో ఉండేది అదే. మాట మధ్యలో దానికి పని ఉంది. మాట చివర పడితే మాత్రం ఏ పనీ లేకుండా, కంటికి కనపడకుండా కూర్చుని ఉంటుంది. కొన్ని కీబోర్డులు పొల్లు కొట్టగానే దాన్ని తగిలించేస్తాయి. షాపాయన కొడుకు కొత్త ఫోన్లో సరుకు ఎక్కించాడట. ఇంకేముంది.

ఇక్కడ నాకు లీలగా ఏదో గుర్తొచ్చింది. ఈ పురుగుని (బగ్‌ని, అంటే కోడ్‌లో తప్పుని) నేను ఎక్కడో చూశాను. చంపాను కూడా. మరి మళ్లీ ఎలా లేచింది?

మనలో చాలామందికి ఇలాంటప్పుడు చేతికి వచ్చేది గిట్ బ్లేమ్. ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపిస్తుంది. దానితో ఒక చిక్కుంది. బ్లేమ్ బతికున్న లైన్ల జాతకమే చెబుతుంది. తీసేసిన లైను గురించి దానికి ఏమీ తెలియదు. నాకు కావలసింది ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని లైను. దానికి గిట్ లాగ్‌కే పెద్ద ఎస్ ఆప్షన్ ఒకటి ఉంది. దాని పక్కన ఒక మాట ఇస్తే, ఆ మాట ఫైళ్లలో ఎన్నిసార్లు ఉందన్న లెక్క ఏ కమిట్లలో (గిట్ దాచే ఒక్కో మార్పు ఒక్కో కమిట్) మారిందో వాటినే చూపిస్తుంది. అంటే పుట్టిన కమిట్, పోయిన కమిట్ రెండూ దొరుకుతాయి. ఇన్నేళ్లలో నాకు బ్లేమ్ కంటే ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది, అయినా ఎవరూ నేర్పించరెందుకో.

కాకపోతే దానికి ఏ మాట వెతకాలో తెలిసి ఉండాలి. నాకు ఆ ఫంక్షన్ పేరు గుర్తు రాలేదు. అందుకని బైసెక్ట్ పెట్టాను. ఫిబ్రవరి రిలీజ్‌లో ఈ సమస్య లేదు, జూన్ రిలీజ్‌లో ఉంది. మధ్యలో దాదాపు ఆరువందల కమిట్లు. గిట్ బైసెక్ట్‌కి మంచిది ఇది, చెడ్డది ఇది అని చెబితే సరిగ్గా మధ్యలోది తీసి మన ముందు పెడుతుంది. పరీక్ష చేసి మంచిదో చెడ్డదో చెప్తే మిగిలిన సగంలో మళ్లీ మధ్యలోది ఇస్తుంది. ఆరువందలైనా పదిసార్లకి మించి అడగదు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం పేజీలు తిప్పే పద్ధతే. పరీక్షని చిన్న స్క్రిప్టుగా రాసి ఇస్తే మన సాయం లేకుండా తనే నడుపుకుని సమాధానం చెబుతుంది కూడా. నేను స్క్రిప్టు రాసి టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి కమిట్ దొరికింది. మార్చి నెలది. "కోడ్ క్లీనప్" అని పేరు. 214 ఫైళ్లు మారాయి.

ఆ 214 ఫైళ్లలో 213 ఫైళ్లు ఖాళీలు, అలైన్‌మెంట్ సర్దినవి. ఒక్క ఫైల్లో మాత్రం నిజంగా ఒక లైను పోయింది. పేరుకి ముందూ వెనకా ఖాళీలు తీసే మామూలు ట్రిమ్ పక్కనే, అదే పని చేస్తున్నట్టు కనిపించే ఇంకో ఫంక్షన్ ఉంది. "ట్రిమ్ ఉంది కదా, ఇది దండగ" అనుకుని మా కుర్రాడు తీసేశాడు. రివ్యూ చేసింది ఎవరయ్యా అంటే నేనే. రెండువందల ఫైళ్ల ఖాళీలు చూస్తూ చూస్తూ కళ్లు మసకబారి ఓకే కొట్టేశాను.

ట్రిమ్ ఖాళీలనే తీస్తుంది. ఈ కనిపించని అక్షరం ఖాళీ కాదు, కాబట్టి దాని జోలికి వెళ్లదు. ఆ దండగ ఫంక్షన్ ఉన్నదే దీన్ని తీయడానికి. ఆ ముక్క ఎక్కడైనా రాసి ఉందా అని ఆ లైను పుట్టిన కమిట్ వెతికాను. 2019 నాటిది. మెసేజ్‌లో ఒకే మాట ఉంది: "ఫిక్స్‌డ్". రాసింది నేను.

కుర్రాడి మొహం చూడలేకపోయాను. "అన్నా, నేను అడిగి తీయాల్సింది" అన్నాడు పాపం. ఏమని అడుగుతాడు? అడగాలన్న అనుమానం రావడానికి అక్కడ ఒక్క అక్షరం ముక్క లేదు.

దీనికి మా నాన్న షాపు గుర్తుచేసుకోవాలి. నరసరావుపేటలో మాకు ఎరువుల కొట్టు ఉండేది. లెక్కలు రాయడానికి ఒక గుమాస్తాగారు వచ్చేవారు. ఆయన దగ్గర రెండు పుస్తకాలు: చిట్టా, ఆవర్జా. చిట్టాలో ఏ రోజు జరిగినవి ఆ రోజు, వరసగా. ఆవర్జాలో ఒక్కో రైతుకి, ఒక్కో సరుకుకి ఒక్కో పేజీ. చిట్టాలో పద్దు రాశాక దాని పక్కన సన్నటి గడిలో ఆవర్జా పేజీ నంబర్ వేసేవారు. ఆవర్జాలో ఎక్కించాక అక్కడ చిట్టా పేజీ నంబర్ వేసేవారు. ఏ రైతైనా వచ్చి "ఈ మూడువందలెక్కడివి?" అంటే అరనిమిషంలో ఆ పేజీలోంచి ఈ పేజీకి వచ్చి, "మాఘమాసంలో మీ తమ్ముడు రెండు బస్తాలు తీసుకెళ్లాడు" అని చెప్పేవారు. నాకు పదేళ్లప్పుడు అదొక మంత్రంలా ఉండేది.

కమిట్లు చిట్టా. టికెట్లు ఆవర్జా. మనలో చాలామంది రెండు పుస్తకాలూ రాస్తాం, ఆ సన్నటి గడి ఒక్కటే ఖాళీగా వదిలేస్తాం.

అందుకని మా టీంలో ఇప్పుడు టికెట్ నంబర్ లేని కమిట్ పుష్ అవదు, అంటే అందరూ వాడే సర్వర్‌కి వెళ్లదు. మనుషులకి గుర్తుచేసి లాభం లేదని చిన్న హుక్ (దానంతటదే నడిచి తనిఖీ చేసే స్క్రిప్టు) రాసి పెట్టాం. బ్రాంచ్ (కోడ్‌లో విడిగా పని చేసుకునే పాయ) పేరులో కూడా నంబర్ ఉంటుంది. గిట్ కోడ్ పెట్టుకునే సైట్లు గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ రెండిట్లోనూ ఫిక్సెస్ అని రాసి హ్యాష్ గుర్తుతో నంబర్ వేస్తే, ఆ మార్పు ప్రధాన బ్రాంచ్‌లో కలవగానే టికెట్ దానంతటదే మూసుకుంటుంది. మేం మాత్రం అది వాడం. కోడ్ కలిసినంత మాత్రాన షాపులో సమస్య పోయినట్టు కాదు. టికెట్ ఎవరు తెరిచారో వాళ్లే మూయాలి అని మా పద్ధతి. డెవలపర్ "అయింది" అని రాస్తాడు, సపోర్ట్ అక్క షాపాయనకి ఫోన్ చేసి అడిగి మూస్తుంది. ఆలస్యం అవుతుంది నిజమే. కానీ మూసిన టికెట్లు మళ్లీ తెరుచుకోవడం బాగా తగ్గింది.

నంబర్ వేస్తే సరిపోతుందనుకోకండి. పాత కంపెనీలో మేం శ్రద్ధగా నంబర్లు వేసేవాళ్లం. తర్వాత ఒక ఏడాది ట్రాకర్ మార్చారు. పాత సర్వర్ కొన్నాళ్లు ఉంచి, ఖర్చు దండగని తీసేశారు. ఆ రోజు నుంచి వేల కమిట్లలో ఉన్న నంబర్లన్నీ ఇల్లు కూల్చేశాక మిగిలిన డోర్ నంబర్లలా తయారయ్యాయి. కోడ్ ఎక్కడికి వెళ్తే కమిట్ మెసేజ్ అక్కడికి వస్తుంది. టికెట్ రాదు. అందుకే కారణం ఒకటి రెండు వాక్యాల్లో కమిట్‌లోనే ఉండాలి, నంబర్ దానికి తోడు. లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) రాసేవాళ్ల కమిట్లు ఒకసారి తిరగేయండి. మారింది నాలుగు లైన్లైనా, ఎందుకు మారిందో రెండు పేరాలు రాస్తారు. పాత కమిట్ వల్ల వచ్చిన తప్పుని సరిచేస్తుంటే ఫిక్సెస్ అని పెట్టి ఆ పాత కమిట్ ఐడీలో మొదటి 12 అక్షరాలూ, దాని శీర్షికా రాస్తారు. గిట్ పుట్టింది కూడా వాళ్ల అవసరం కోసమే. అంతకుముందు ఇదే పనికి వాడుతున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాడుకునే వీలు పోయేసరికి, 2005 ఏప్రిల్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన కోడ్‌ని తనే దాచుకునే స్థితికి వచ్చింది. కొన్ని నెలలకి నిర్వహణ జూనియో హమానోకి అప్పగించాడు, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని నడిపించింది ఆయనే.

మెసేజ్‌లో ఏం మార్చామన్నది రాయడం కంటే ఎందుకన్నది రాయడం మీద నాకు పట్టుదల ఎక్కువైంది. మొదటి లైను యాభై అక్షరాల లోపు, తర్వాత ఒక లైను ఖాళీ, ఆ కింద వివరం. ఇదందరూ చెప్పేదే. నేను దానికి కలిపేది ఒకటుంది: "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అన్నదానికి జవాబు. 2019లో నేను "ఇది తీస్తే ఒకే సరుకు రెండుసార్లు కనిపిస్తుంది" అని రాసి ఉంటే కుర్రాడు ఆ లైను ముట్టుకునేవాడు కాదు.

మళ్లీ ఆ 214 ఫైళ్ల కమిట్ దగ్గరికి వద్దాం. అసలు తప్పు అక్కడుంది. ఖాళీలు సర్దడం ఒక పని, లైను తీయడం ఇంకో పని. రెండూ ఒకే మూటలో కట్టాడు. ఇప్పుడు ఫార్మాటింగ్ మార్పులు విడిగా, వాటికి మాత్రమే ఒక కమిట్. ఆ కమిట్ ఐడీని ఒక ఫైల్లో రాసి, బ్లేమ్ చూసేటప్పుడు దాన్ని దాటవేయమని గిట్‌కి చెప్పొచ్చు. ఇగ్నోర్ రెవ్స్ ఫైల్ అనే సెట్టింగ్, 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి ఉంది. అది పెట్టకపోతే ఊళ్లో ప్రతి లైనూ ఖాళీలు సర్దినవాడి పేరు మీదే ఉంటుంది. పాపం ఏ తప్పు జరిగినా వాడికే ఫోన్.

ఒకే ఫైల్లో రెండు రకాల మార్పులు చేసేసి ఉంటే గిట్ యాడ్‌కి చిన్న పి ఆప్షన్ ఇవ్వండి. మార్పుల్ని ముక్కలు ముక్కలుగా చూపించి, ఇది కావాలా, అది కావాలా అని అడుగుతుంది. కావలసినవి ఈ కమిట్‌లో, మిగతావి తర్వాతి దాంట్లో. మొదట విసుగ్గా ఉంటుంది. నాకు మాత్రం దీనివల్ల వేరే లాభం జరిగింది. కమిట్ చేసే ముందు నా కోడ్ నేనే ఒకసారి చదువుకుంటున్నాను. మరిచిపోయిన ప్రింట్ స్టేట్‌మెంట్లు ఎన్ని దొరికాయో చెప్తే నవ్వుతారు.

గుమాస్తాగారి దగ్గర నేర్చుకున్నది ఇంకోటి ఉంది. పద్దు తప్పు పడితే బ్లేడుతో గీకడానికి ఒప్పుకునేవారు కాదు. ఒక్క గీత కొట్టి, తప్పు చదవడానికి కనిపించేలా ఉంచి, కింద సరైన పద్దు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. ఒకసారి నేను సరదాగా వైట్‌నర్ పూస్తే చెవి మెలిపెట్టి, "గీకిన పుస్తకాన్ని ఆఫీసరు నమ్మడు నాయనా" అన్నారు. గిట్‌లో రివర్ట్ అంటే ఆ గీత. పాత కమిట్ అలాగే ఉండి, దానికి ఎదురు పద్దు పడుతుంది. రీసెట్ చేసి (పాత కమిట్‌కి వెనక్కి వెళ్లి) ఫోర్స్ పుష్ కొట్టడం, అంటే సర్వర్‌లో ఉన్నదాని మీద బలవంతంగా రాసేయడం, వైట్‌నర్. నా సొంత బ్రాంచ్‌లో, ఇంకెవరూ తీసుకోనప్పుడు, నేను వైట్‌నర్ డబ్బాలు డబ్బాలు వాడతాను. అది చిత్తు పుస్తకం, నా ఇష్టం. నలుగురూ వాడే బ్రాంచ్‌లో మాత్రం గీతే. తప్పనిసరై ఫోర్స్ చేయాల్సి వస్తే ఫోర్స్ విత్ లీజ్ అన్నది వాడండి. మనం చివరిసారి చూశాక అక్కడ ఇంకెవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగిపోతుంది. ఉట్టి ఫోర్స్‌కి ఆ మొహమాటం లేదు. ఒక చిన్న మెలిక: మధ్యలో ఫెచ్ చేసి (సర్వర్‌లో కొత్తవి తెచ్చుకుని), వచ్చినవి చూడకుండా విత్ లీజ్ కొడితే అది చూసేశామనే అనుకుంటుంది.

కిందటేడాది కొత్తగా చేరిన అమ్మాయి ఒక సాయంత్రం నా సీటు దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లు. "అన్నా, మొత్తం పోయింది. హార్డ్ రీసెట్ కొట్టాను. నాలుగు రోజుల పని."

"కమిట్ చేశావా?"

"చేశాను. పుష్ చేయలేదు."

"అయితే పోలేదు. కుర్చీ లాక్కో."

రెఫ్‌లాగ్ తీశాం. మన హెడ్ (మనం ఇప్పుడు ఏ కమిట్ మీద ఉన్నామో చూపే గుర్తు) ఎక్కడెక్కడ తిరిగిందో అంతా గిట్ మన మెషీన్‌లో రాసి పెట్టుకుంటుంది. మామూలుగా 90 రోజులు, ఏ బ్రాంచ్ నుంచీ చేరలేని కమిట్ల తాలూకు అయితే 30 రోజులు. రీసెట్‌కి ముందున్న ఐడీ చూసి దాని మీద కొత్త బ్రాంచ్ పెట్టాం. రెండు నిమిషాలు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది, నేనేదో మంత్రం వేసినట్టు. కమిట్ చేయకుండా రీసెట్ కొట్టి ఉంటే నా దగ్గరా మంత్రం లేదు. కనీసం యాడ్ చేసి ఉంటే ఎఫ్‌ఎస్‌సీకే లాస్ట్ ఫౌండ్ అని ఒక దారి ఉంది, పేర్లు లేని ఫైళ్ల ముక్కలు దొరుకుతాయి, వాటిని తెరిచి తెరిచి వెతుక్కోవాలి. అదీ లేకపోతే ఎడిటర్ దయ. కాబట్టి సాయంత్రం లేచేముందు "సగం అయింది" అని రాసైనా సరే సొంత బ్రాంచ్‌లో కమిట్ చేసి పుష్ చేయండి. రేపు పొద్దున చక్కదిద్దుకోవచ్చు.

పాస్‌వర్డో కీయో పొరపాటున పుష్ చేస్తే? అందరూ ముందు హిస్టరీలోంచి ఎలా తుడవాలో వెతుకుతారు. ముందు ఆ కీ మార్చేయండి. తుడవడం తర్వాత. అప్పటికే ఎవరైనా క్లోన్ చేసుకుని (మొత్తం నకలు తీసుకుని) ఉంటే వాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది. ఇగ్నోర్ ఫైల్లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) పేరు రాసినా, ముందే ట్రాక్ అవుతున్న ఫైలుకి అది వర్తించదన్నది కూడా చాలామందికి తెలియదు. ట్రాకింగ్ నుంచి విడిగా తీయాలి.

తెలుగు ఫైలు పేర్లు వాడేవాళ్లకి ఒక చిన్న ఉపకారం చేసి పోతాను. గిట్ స్టేటస్ కొడితే మీ తెలుగు ఫైలు పేరు బదులు 340, 260 అంటూ అంకెల వరస వస్తోందా? అవి ఆ అక్షరాల బైట్లే, ఎనిమిది ఆధారంగా ఉండే అంకెల్లో (ఆక్టల్‌లో) రాసినవి. కోర్ కోట్‌పాత్ అన్న సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి, పేరు తెలుగులో కనిపిస్తుంది. మా యూజర్ గైడ్ తెలుగులోనే ఉంటుంది, అది కూడా గిట్‌లోనే పెడతాం. పేరా మొత్తం ఒకే లైనులో రాస్తే ఒక్క కామా మార్చినా గిట్ తేడా చూపించేటప్పుడు పేరా అంతా ఎర్రగా (పాతది), పచ్చగా (కొత్తది) వస్తుంది. వాక్యానికో లైను చొప్పున రాసుకుంటే ఏ వాక్యం మారిందో చక్కగా కనిపిస్తుంది. అయినా ఈ కనిపించని అక్షరం గొడవ వస్తే మాత్రం ఎర్ర లైనూ పచ్చ లైనూ కవలపిల్లల్లా ఉంటాయి. అలా కనిపించాయంటే ముందు దాన్నే అనుమానించండి.

ట్రాకర్‌కి మళ్లీ ఒక్కసారి. మాకు ఒకప్పుడు టికెట్ స్థితులు పదకొండు ఉండేవి. "విశ్లేషణలో", "విశ్లేషణ పూర్తి", "అభివృద్ధికి సిద్ధం"... ఎవరో మేనేజర్ ఓపిగ్గా పెట్టి వెళ్లిపోయారు. ఏ టికెట్ ఎక్కడుందో అడిగితే ట్రాకర్ చూడకుండా మనిషినే అడిగేవాళ్లం. ఇప్పుడు నాలుగే: కొత్తది, చేస్తున్నాం, షాపుని అడగాలి, మూసేశాం. మూడోదే ముఖ్యమైనది. అంతకుముందు అది లేక, కస్టమర్ సమాధానం కోసం ఆగినవన్నీ మా బద్ధకంగా లెక్కలోకి వచ్చేవి.

అర్జంట్ సంగతి. ప్రతి టికెట్ మీదా అర్జంటే ఉండేది. జూన్‌లో షాపు వాళ్లకి నిజంగా అన్నీ అర్జంటే, కాదనలేం. మేం చేసిందల్లా ఒకే సమయంలో అర్జంట్ మూడుకి మించకూడదనడం. నాలుగోది పెట్టాలంటే ఉన్న మూడింట్లో దేన్ని దించాలో పెట్టేవాళ్లే చెప్పాలి. మొదటి వారం పెద్ద గొడవైంది. సేల్స్‌లో ఒకాయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. తర్వాత వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని దించుకోవడం మొదలుపెట్టారు.

బ్రాంచ్‌ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రెండు మూడు రోజులకి మించి విడిగా ఉంచకండి. సంక్రాంతి సెలవులకి ముందు తెరిచి, ఊరి నుంచి వచ్చాక కలుపుదాంలే అనుకున్న బ్రాంచ్ నాకొకటి ఉంది. అది ఇంకా అలాగే ఉంది.

మూడో రోజు. ఆ ఫంక్షన్‌ని తిరిగి పెట్టాను. పైన కామెంట్ రాశాను, దానికొక టెస్ట్ రాశాను, పొటాష్ 18 బైట్లు, పొటాష్ 21 బైట్లు, రెండూ ఒకటే అని తేలాలి. కమిట్ మెసేజ్ ఈసారి పదకొండు లైన్లు వచ్చింది. ఏ కీబోర్డు వల్ల వస్తుంది, ట్రిమ్ ఎందుకు తీయదు, 2019 కమిట్ ఐడీ, మార్చి కమిట్ ఐడీ, టికెట్ నంబర్, ఇది తీస్తే ఏమవుతుంది. కుర్రాడికి రివ్యూకి ఇచ్చాను. వాడు రెండు అక్షరదోషాలు పట్టాడు.

సాయంత్రం అప్‌డేట్ వెళ్లింది. అక్క షాపాయనకి ఫోన్ చేసి, టికెట్ కింద రాసింది: "పొటాష్ ఒకటే వస్తోంది. 40 బస్తాలు. సరిపోయిందన్నారు." మూసేసింది. నేను బ్యాగు సర్దుకుంటుంటే మళ్లీ పింగ్.

"సార్, ఆయనే మళ్లీ చేశారు. జింక్ సల్ఫేట్ రెండుసార్లు వస్తోందట. ఫొటో కూడా పంపారు."

జింక్, సల్ఫేట్. రెండు మాటలు. మొదటి మాట చివర కూడా పొల్లే. నా ఫంక్షన్ పేరు చివర ఉన్నదాన్నే తీస్తుంది, మధ్యలో ఉన్నదాన్ని చూడదు. 2019లోనూ చూడలేదు, ఇవాళా చూడలేదు. బ్యాగు కింద పెట్టాను.

"పాత టికెట్టే మళ్లీ తెరవనా సార్?"

"వద్దక్కా, కొత్తది పెట్టండి. పాతదాని నంబర్ అందులో వేయండి."